ఎండాకాలం హైవే ప్రయాణానికి రైడింగ్ జాకెట్, హెల్మెట్, గ్లౌజులు: రూ. 25,000లో ఏవి ముందు కొనాలి?

మున్నేటి ఒడ్డు

మిత్రులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, మా అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. బండి నడపడమంటే ఇష్టం కాబట్టి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద సూర్యాపేట మీదుగా తరచూ ఇంటికి వెళ్లి వస్తుంటాను. ఒకవైపు దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరం, అందులో ఎక్కువ భాగం 65వ నంబరు జాతీయ రహదారి. గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల వేగం దాటను. అప్పుడప్పుడు నా భార్య కూడా వెనుక కూర్చుని వస్తుంది.

ఇన్నాళ్లూ పాత ఐఎస్‌ఐ హెల్మెట్, జీన్స్ ప్యాంటు, కాన్వాస్ బూట్లతోనే నడుపుతున్నాను. మా ఆఫీసులో ఒక సహోద్యోగి మెల్లగా వెళ్తూనే ఇసుక మీద జారిపడి, రెండు అరచేతుల చర్మం లేచిపోయి, చాలా రోజులు కీబోర్డు ముట్టుకోలేకపోయాడు. అది చూశాక సరైన రక్షణ సామగ్రి కొనాలని గట్టిగా అనుకున్నాను. ఇందుకోసం పక్కన పెట్టింది రూ. 25,000.

దుకాణానికి వెళ్తే ఒకరు తోలు జాకెట్టే మంచిదంటున్నారు, మరొకరు మన ఎండలకు గాలి ఆడే వల గుడ్డ (మెష్) తప్ప వేరేది వేసుకోలేమంటున్నారు. హెల్మెట్‌కు ఐఎస్‌ఐ గుర్తు చాలా, ఐరోపా వాళ్ల ఇసిఇ కూడా ఉండాలా? జాకెట్‌లో ఉండే మెత్తలకు లెవెల్ 1, లెవెల్ 2 అని రాసి ఉంటుంది, ఆ తేడా నిజంగా అంత ముఖ్యమా? ప్యాంటు కూడా కొనాలా, మోకాలి గార్డులు సరిపోతాయా? మే నెలలో సూర్యాపేట దగ్గర ఎండ 43 డిగ్రీలకు చేరినప్పుడు ఇవన్నీ తొడుక్కుని నాలుగైదు గంటలు కూర్చోవడం సాధ్యమేనా? ఫలానా కంపెనీది కొనండి అని చెప్పడం కంటే, ఎందుకు కొనాలో కారణం వివరిస్తే నాకు ఎక్కువ ఉపయోగం.

శబరి దారి

హెల్మెట్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీ దగ్గర ఉన్నది ఎంత పాతదో మీరు రాయలేదు. లోపలి గుడ్డ కాస్త పక్కకు తీసి చూడండి, తయారైన నెల, సంవత్సరం ఉన్న చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. అయిదేళ్లు దాటితే మార్చమని తయారీదారులే చెబుతారు. తలను నిజంగా కాపాడేది పైన మెరిసే డిప్ప కాదు, దాని లోపల ఉండే నల్లటి లేదా తెల్లటి పొర. అది టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోల్ జాతిదే, కాకపోతే లెక్క ప్రకారం సాంద్రత ఎంచుకుని పోసినది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తల ఆగడానికి కొన్ని వేల వంతుల సెకను అదనపు సమయం ఇస్తుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ నలగదు కాబట్టి, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టేయవలసిందే. బండి అద్దానికి హెల్మెట్ తగిలించే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, అద్దం కొన ఆ పొరలోకి గుచ్చుకుని లోపల గుంట పడుతుంది. డిప్పను పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవకండి, పాలికార్బొనేట్ బలహీనపడుతుంది. సబ్బు నీళ్లు చాలు.

ఇక ఐఎస్‌ఐ, ఇసిఇ సంగతి. మన దేశంలో ద్విచక్ర వాహనాల హెల్మెట్‌కు వర్తించే ప్రమాణం ఐఎస్ 4151. 2021 జూన్ 1 నుండి దీని ప్రకారం ఇచ్చే ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్‌ను తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మే వాటి మీద దొంగ గుర్తులు అంటించి ఉంటాయి. అసలు గుర్తు కింద సిఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది, దాన్ని భారత ప్రమాణాల సంస్థ వారి బిఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఆ లైసెన్సు ఇచ్చారో తెలిసిపోతుంది. దుకాణంలో నిలబడే ఈ పని చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇసిఇ 22.06 ఐరోపాలో అమలులో ఉన్న ప్రమాణం. దీనికి ముందున్న 22.05లో సెకనుకు 7.5 మీటర్ల వేగంతో, అంటే గంటకు 27 కిలోమీటర్ల వేగంతో హెల్మెట్‌ను ఇనుప దిమ్మె మీద పడేసి పరీక్షించేవారు. 22.06లో అంతకంటే తక్కువ వేగంతోనూ, ఎక్కువ వేగంతోనూ దెబ్బలు చేర్చారు. తక్కువ వేగంతో ఎందుకంటే, లోపలి పొర మరీ గట్టిగా ఉంటే చిన్న దెబ్బకు నలగకుండా ఆ తాకిడిని నేరుగా తలకు పంపిస్తుంది. వీటికి తోడు, ఏటవాలుగా తగిలినప్పుడు తల మెలితిరిగే తీవ్రతను కొలిచే పరీక్ష కూడా వచ్చింది. మెదడుకు జరిగే హానిలో ఈ మెలిక పాత్ర పెద్దది కాబట్టి, బడ్జెట్ అనుమతిస్తే రెండు గుర్తులూ ఉన్న హెల్మెట్ తీసుకోమనే నా సలహా. ఎస్‌ఎమ్‌కె, ఆక్సర్, ఎల్‌ఎస్2, ఎమ్‌టి వంటి కంపెనీల కొన్ని నమూనాలు రెండింటితోనూ దొరుకుతాయి. గడ్డం పట్టీకి కుట్టిన గుడ్డ ముక్క మీద వృత్తంలో ఇ అనే అక్షరం, పక్కన దేశం అంకె, దాని కింద 06తో మొదలయ్యే సంఖ్య ఉంటే అది 22.06. ఆ సంఖ్య చివర పి అని ఉంటే గడ్డం భాగం కూడా పరీక్షకు నిలిచినట్టు, జె అని ఉంటే ముఖం తెరిచి ఉండే రకం అన్నట్టు. అమెరికా వాళ్ల డాట్ గుర్తును మాత్రం చూసి కొనకండి, అక్కడ తయారీదారు తనకు తానే ధ్రువీకరించుకుని అంటించుకునే పద్ధతి ఉంది.

ఇరవై ఏడు కిలోమీటర్ల వేగానికి పరీక్షిస్తే ఎనభైలో వెళ్లేవాడికి ఏం ఉపయోగం అని చాలామంది అడుగుతారు. జారిపడినప్పుడు తల ముందుకు ఎనభైతో దొర్లుతూ పోయినా, నేలవైపు దిగే వేగం పడిన ఎత్తు మీద ఆధారపడుతుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుండి తల నేలను తాకేటప్పుడు ఆ వేగం గంటకు 19, 20 కిలోమీటర్లు ఉంటుంది. బండి నిలబడి ఉన్నా అంతే. హెల్మెట్ తట్టుకునేది ముఖ్యంగా ఆ దెబ్బను. తల నేరుగా డివైడరుకో లారీ చక్రానికో తగిలితే లెక్క వేరు.

ఎంత మంచి గుర్తున్నా తలకు సరిపడకపోతే వృథా. కనుబొమల పైనుండి తల చుట్టూ టేపుతో కొలవండి. తొడుక్కున్నాక చెంపలు కొద్దిగా లోపలికి నొక్కుకోవాలి, నుదుటి మీద ఒకేచోట నొప్పి రాకూడదు. పట్టీ బిగించి, వెనుక నుండి అంచు పట్టుకుని ముందుకు లేపమని పక్కనున్న వారిని అడగండి. ఊడి వచ్చిందంటే ఆ సైజు మీది కాదు. దుకాణంలోనే పావుగంట, ఇరవై నిమిషాలు తల మీద ఉంచుకుని తీరండి, నుదుటి నొప్పి అప్పుడే బయటపడుతుంది.

హెల్మెట్ తరువాత నేను గ్లౌజులకూ, చీలమండ దాటే బూట్లకూ డబ్బు పెడతాను, జాకెట్‌కు ఆ తరువాతే. మీ భార్యకు కూడా మీతో సమానమైన హెల్మెట్ ఇప్పుడే కొనండి. ఆమెకు జాకెట్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నూలుపోగు

నేను జర్మనీలో రక్షణ వస్త్రాల పరీక్షలకు సంబంధించిన ఉద్యోగంలో ఉన్నాను. సెలవుల్లో మా ఊరు వరంగల్ వచ్చినప్పుడు ఇక్కడి ఎండలోనూ బండి నడుపుతాను కాబట్టి జాకెట్ల సంగతి కొంచెం వివరంగా రాస్తాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో జారిపడ్డ మనిషి, ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, దాదాపు 24 మీటర్లు రోడ్డు మీద రాసుకుంటూ పోయి మూడు సెకన్లకు కాస్త ముందు ఆగుతాడు. మామూలు జీన్స్ గుడ్డ ఆ దూరంలో చాలా ముందే చిరిగిపోతుంది, మిగిలిన దూరమంతా చర్మమే బ్రేకు. జాకెట్ నుండి మనం కోరేవి రెండు: ఆ మూడు సెకన్లు గుడ్డ నిలవడం, భుజం, మోచేయి నేలకు కొట్టుకున్నప్పుడు తాకిడిని మెత్త తనలోకి తీసుకోవడం. ఈ రెండింటినీ వేరువేరు ప్రమాణాలు కొలుస్తాయి, అందుకే వేరువేరు లేబుళ్లు చూడాలి.

గుడ్డకు సంబంధించినది ఇఎన్ 17092 (ఇఎన్ అంటే ఐరోపా ప్రమాణం). ఇందులో ఎఎఎ, ఎఎ, ఎ అనే తరగతులు ఉన్నాయి. గుడ్డ ముక్కను వేగంగా తిప్పి, తిరుగుతుండగానే కాంక్రీటు పలక మీదికి వదిలి, చిల్లు పడిందో లేదో చూస్తారు. నేలకు ఎక్కువగా తగిలే భుజం, మోచేయి వంటి చోట్ల ఎఎఎ తరగతి గుడ్డ గంటకు 120 కిలోమీటర్లకు సమానమైన వేగంతో మొదలైన ఆ పరీక్షకు నిలవాలి, ఎఎ 70కి, ఎ 45కి. ఇవి ప్రయోగశాలలో గుడ్డలను పోల్చడానికి పెట్టుకున్న అంకెలు, ఆ వేగం దాకా మీకేమీ కాదని ఇచ్చే హామీ కాదు. ఇవి కాక బి, సి అనే తరగతులు కూడా ఉన్నాయి. బి అంటే గుడ్డ ఎ స్థాయిదే కానీ మెత్తలు ఉండవు. సి అంటే లోపల వేసుకునే వలలాంటి దుస్తుల్లో మెత్తలు మాత్రమే ఉంటాయి, రాపిడికి రక్షణ ఉండదు.

మంచి తోలు సులభంగా ఎఎ, ఎఎఎ అందుకుంటుంది. వేసవి మెష్ జాకెట్లలో ఎక్కువ భాగం ఎ తరగతివే. కాబట్టి తోలు మంచిదన్న దుకాణదారు మాట అబద్ధం కాదు. కానీ మే నెలలో సూర్యాపేట దగ్గర మీరు ఆ తోలు జాకెట్‌ను విప్పి వెనుక సీటుకు కట్టేసుకుంటే ఎఎఎ వల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. మీ దారికి, మీ వేగానికి మెష్ కొనండి. అయితే మెష్ ఎక్కడ ఉండాలో చూసుకోండి: ఛాతీ, పొట్ట, చేతుల లోపలి వైపు వల ఉండవచ్చు. భుజం మీద, మోచేయి చుట్టూ, ముంజేతి బయటి వైపు మాత్రం 600 డెనియర్ (దారం మందానికి కొలత) పాలిస్టరో కార్డురా నైలానో ఉండే దట్టమైన గుడ్డ ఉండాలి. జాకెట్‌ను తిరగేసి ఆ చోట్ల కుట్లు చూడండి. ఒకే వరుస కుట్టు ఉంటే, గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు దగ్గర నోరు తెరుచుకుంటుంది.

మెత్తల విషయానికి వస్తే, భుజం, మోచేయి, మోకాలు, తుంటికి ఇఎన్ 1621-1, వెన్నుకు 1621-2, ఛాతీకి 1621-3. అయిదు కిలోల బరువును 50 జౌళ్ల శక్తితో మెత్త మీద పడేసి, కిందికి ఎంత బలం చేరిందో కొలుస్తారు. కీళ్ల మెత్తల్లో లెవెల్ 1 అంటే సగటున 35 కిలోన్యూటన్లకు మించకూడదు, లెవెల్ 2 అంటే 20కి మించకూడదు. వెన్ను మెత్తకు ఈ అంకెలు 18, 9. దాదాపు సగానికి సగం తేడా కాబట్టి, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు: అవును, చాలా ముఖ్యం. మెత్తలను విడిగా కొని మార్చుకోవచ్చు కనుక, జాకెట్ లెవెల్ 1తో వచ్చినా తరువాత లెవెల్ 2 వేసుకునే వీలుంటుంది.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. భుజానికి, మోచేతికి లెవెల్ 2 అని జాకెట్ ముందు పెద్ద ట్యాగు వేలాడుతుంది, వెన్ను జేబులో మాత్రం ఏ ప్రమాణమూ లేని మామూలు స్పాంజి ముక్క ఉంటుంది. జిప్పు తీసి ఆ ముక్కను బయటికి లాగి చూడండి. అసలు మెత్త మీద మోటారు సైకిల్ మీద కూర్చున్న మనిషి బొమ్మ అచ్చు వేసి ఉంటుంది, పక్కన ఎస్ అంటే భుజం, ఇ అంటే మోచేయి, కె అంటే మోకాలు, హెచ్ అంటే తుంటి, ఎఫ్‌బి లేదా సిబి అంటే వెన్ను. అదే బొమ్మ దగ్గర టి ప్లస్ అని ఉందేమో తప్పక చూడండి. ఆ మెత్తను 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని దాని అర్థం. మెత్తటి రబ్బరు లాంటి ఆధునిక మెత్తలు వేడికి ఇంకా మెత్తబడే స్వభావం కలవి కాబట్టి, ఐరోపా వాడికి ఈ గుర్తు ఐచ్ఛికమేమో కానీ తెలంగాణలో నడిపేవాడికి అవసరం.

మోకాలి గార్డుల కంటే మెష్ ప్యాంటు మేలు. గార్డులు మోకాలి చిప్పను కాపాడతాయి, తుంటినీ తొడనూ కాపాడవు. డబ్బు చాలకపోతే గార్డులతో మొదలుపెట్టండి, కానీ పట్టీలు రెండూ మోకాలి పైనా కిందా బిగుసుకుని, చేత్తో గట్టిగా తిప్పితే పక్కకు జరగకుండా ఉండాలి.

కృష్ణవేణి

శబరి దారి గారి హెల్మెట్ వివరణ చాలా బాగుంది. కానీ వెనుక కూర్చునే ఆవిడకు జాకెట్ వచ్చే ఏడాది అన్న మాటతో నేను ఏకీభవించను. నేను విజయవాడలో సొంతంగా బండి నడుపుతాను, మా వారి బండి మీద వెనుక కూర్చుని కూడా దూరాలు వెళ్తాను. ముందున్న వారికి హ్యాండిల్ చేతిలో ఉంటుంది, బ్రేకు ఎప్పుడు వేస్తారో ముందే తెలుసు. వెనుక కూర్చున్న మనిషికి ఆ రెండూ లేవు, పడేటప్పుడు కనీసం సిద్ధపడే అవకాశం కూడా ఉండదు. రోడ్డు ఇద్దరి చర్మాన్నీ ఒకేలా గీకుతుంది. అందుకని మీ ఇరవై ఐదు వేలను ఒక మనిషి బడ్జెట్‌గా కాకుండా ఇద్దరి బడ్జెట్‌గా చూడమని కోరుతున్నాను.

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ముందున్నా వెనుక ఉన్నా, హెల్మెట్ తప్పనిసరి చేసింది. 194-డి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. అయినా చాలా ఇళ్లలో మగవారికి ముఖం మూసే మంచి హెల్మెట్, ఆడవారికి బండితో పాటు వచ్చిన డిప్ప అన్న పద్ధతి నడుస్తోంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

కొన్ని సంగతులు దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. కొప్పు పెట్టుకుని హెల్మెట్ తొడుక్కుంటే అది ముందుకు వంగి కళ్ల మీదికి దిగుతుంది, పట్టీ ఎంత బిగించినా తల మీద నిలవదు. జడను మెడ దగ్గర నుండి కిందికి వదులుగా అల్లుకుని జాకెట్ లోపల వేసుకోవాలి. ఇనుప క్లిప్పులు, పెద్ద రబ్బరు బ్యాండ్లు తీసేయాలి, వాటి మీద హెల్మెట్ నొక్కుకుంటే అరగంటలో తలనొప్పి మొదలవుతుంది, పడినప్పుడు అదే తలకు గుచ్చుకుంటుంది. గాజు గాజుల మీద గ్లౌజు తొడగకూడదు, ప్రయాణానికి ముందు తీసి పర్సులో పెట్టుకోవాలి. చున్నీ మెడకు చుట్టుకుని కొసలు వెనక్కి వదలడం చాలా ప్రమాదం, చక్రంలోనో చైనులోనో పడితే మెడకే ఉచ్చు బిగుస్తుంది. వెనుక చక్రంలో బట్టలు పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే గార్డు, చేత్తో పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఆధారం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. అందం కోసం ఆ చీర గార్డును ఊడదీయించే వాళ్లు ఎందరో ఉన్నారు. మీ బండికి అది ఉందో లేదో ఈ రోజే చూడండి.

హైవే ప్రయాణానికి చీర వద్దు, పక్కకు తిరిగి కూర్చోవడం అసలే వద్దు. జీన్సో, బిగుతుగా ఉండే మందపాటి ప్యాంటో వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. మగవారి జాకెట్‌లో చిన్న సైజు తీసుకుంటే ఆడవారికి సరిపోతుందని కూడా అనుకోకండి. భుజం దగ్గర వెడల్పై, మోచేతి మెత్త ముంజేతి మధ్యకు జారిపోతుంది. మోచేయి మడిచి చూసినప్పుడు మెత్త సరిగ్గా మోచేతి కొన మీద కూర్చోవాలి. ఆడవారి కొలతలతో చేసిన మెష్ జాకెట్లు కొన్ని భారతీయ కంపెనీలు తెస్తున్నాయి. ఒకసారి మీ ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లండి, ఆమె లేకుండా కొనకండి.

అడుగుజాడ

నేను ఫిజియోథెరపిస్టును. గ్లౌజులు, బూట్ల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి నడక నేర్చుకోవడానికి, పిడికిలి బిగించడం నేర్చుకోవడానికి వచ్చే వారిలో బండి మీద నుండి పడిన వారు ఎందరో ఉంటారు.

పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు చాపుతారు. ఆలోచించి ఆపుకోగలిగేది కాదు అది. బరువంతా అరచేతి మడమ మీద పడుతుంది, బొటనవేలి కింద, మణికట్టు దగ్గర ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక అక్కడే విరుగుతుంది. ఆ ఎముకకు రక్త ప్రసరణ తక్కువ కావడం వల్ల అతుక్కోవడానికి నెలలు పడుతుంది, కొందరిలో సరిగ్గా అతుక్కోదు కూడా. గ్లౌజు కొనేటప్పుడు పిడికిలి మీద మెరిసే ప్లాస్టిక్‌ను కాకుండా, అరచేతి మడమ దగ్గర నున్నటి గట్టి ముక్క ఉందో లేదో చూడండి. ఆ ముక్క నేల మీద పట్టుకోకుండా జారుతుంది, అందువల్ల మణికట్టు వెనక్కి విరగకుండా తప్పించుకుంటుంది. మణికట్టు దగ్గర పట్టీ విడిగా ఉండాలి. అది బిగించాక వేళ్ల కొసలు పట్టుకుని గట్టిగా లాగినా గ్లౌజు ఊడి రాకూడదు. ఇఎన్ 13594 లేబులు, కెపి అనే అక్షరాలు ఉంటే పిడికిలి రక్షణ కూడా పరీక్షించినట్టు. వేళ్లు లేని గ్లౌజులు ఈ పనికి రావు.

కాళ్ల సంగతి. మీ బండి బరువు 195 కిలోలు. అది పక్కకు ఒరిగినప్పుడు కింద చిక్కుకునేది చీలమండ, పాదం. కాన్వాస్ బూటు మెలిక పెడితే మెలిక పడుతుంది, చెప్పుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రైడింగ్ బూటును రెండు చేతులతో మడమ దగ్గరా వేళ్ల దగ్గరా పట్టుకుని పిండినా, మెలిపెట్టినా సులభంగా లొంగకూడదు. చీలమండ రెండు వైపులా గట్టి బిళ్లలు ఉండాలి. ఇఎన్ 13634 లేబుల్లో నాలుగు అంకెలు ఉంటాయి, చివరిది పాదం నలగకుండా తట్టుకునే శక్తికి సంబంధించినది, అది 2 అయితే మంచిది. ఇప్పుడు అంత పెట్టలేకపోతే, చీలమండ దాటే గట్టి తోలు బూట్లు లేసులు లోపలికి దోపి వాడండి.

మున్నేటి ఒడ్డు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నా హెల్మెట్ స్టిక్కరు చూశాను, 2016 నాటిది. కృష్ణవేణి గారి మాట విన్నాక మా ఆవిడతో కూర్చుని లెక్క వేసుకున్నాం. ఇద్దరికీ రెండు గుర్తులున్న హెల్మెట్లకు సుమారు పదివేలు, ఇద్దరికీ గ్లౌజులకు నాలుగున్నర వేలు, నాకు మెష్ జాకెట్‌కు ఎనిమిది వేలు, మోకాలి గార్డులకు రెండు వేల చిల్లర. తనకు జాకెట్, నాకు బూట్లు దసరా బోనస్ రాగానే. అప్పటి దాకా తను హైవే ప్రయాణాలకు బస్సులోనే వస్తానంది. నా దగ్గర ఆఫీసులో ఇచ్చిన గట్టి తోలు సేఫ్టీ బూట్లు ఉన్నాయి, బూట్లు కొనేదాకా వాటిని వాడతాను.

రెండు సందేహాలు మిగిలాయి. 43 డిగ్రీల ఎండలో మెష్ జాకెట్ నిజంగా చల్లగా ఉంటుందా? వానాకాలంలో లోపల వాటర్‌ప్రూఫ్ పొరతో వచ్చే జాకెట్ మేలా, విడిగా రెయిన్‌కోటు మేలా?

శబరి దారి

కృష్ణవేణి గారు చెప్పింది సబబు. మీ కొత్త లెక్క నా లెక్క కంటే బాగుంది. సేఫ్టీ బూట్ల ముందు భాగంలో ఉక్కు ఉంటుంది కాబట్టి గేరు కింద పాదం సులువుగా దూరుతుందో లేదో బండి నిలబెట్టి ఒకసారి చూసుకోండి.

ఎండ గురించి ఒక విషయం అర్థం చేసుకోవాలి. మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకూ మెష్ గుండా వచ్చే గాలి ఒంటిని చల్లబరుస్తుంది. 43 డిగ్రీల గాలి ఒంటికి వేడిని తెచ్చి పోస్తుంది, అప్పుడు చల్లబరిచేది చెమట ఆవిరి కావడం ఒక్కటే. చొక్కా మాత్రమే వేసుకుని ఆ గాలికి ఎదురెళ్తే చెమట పట్టిందన్న సంగతి తెలియకుండానే ఎండిపోయి, ఒంట్లో నీరు వేగంగా తగ్గిపోతుంది. జాకెట్ ఆ గాలిని కొంత అడ్డుకుంటుంది కాబట్టి, నడుస్తున్న బండి మీద మెష్ జాకెట్‌తో ఉన్నవాడే ఎక్కువ సేపు ఓర్చుకోగలడు. సిగ్నల్ దగ్గర, టోల్‌గేట్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ఉడికిపోతుంది, అక్కడ ముందు జిప్పు తెరుచుకోండి, బయల్దేరే ముందు వేసేయండి.

సూర్యాపేట, నల్లగొండ వైపు పొడి ఎండ. అక్కడ జాకెట్ లోపల నూలు బనియను తడిపి పిండి వేసుకుంటే ఎంతో హాయిగా ఉంటుంది. అది ఎంతో సేపు నిలవదు, ఆగిన ప్రతిచోటా మళ్లీ తడపాలి. విజయవాడ, విశాఖ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ ఉపాయం అంతగా పనిచేయదు, తడి ఒంటికి అంటుకుని చిరాకు పుడుతుంది. గంటకోసారి ఆగి, దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగండి. లీటరు నీటిలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు జేబులో ఉంచుకోండి. కళ్లు తిరగడం, చెమట పట్టడం ఆగిపోవడం, మాట తడబడడం వంటివి కనిపిస్తే ఇల్లు దగ్గరే కదా అని ముందుకు పోకండి, నీడకు చేరి జాకెట్ విప్పి ఒళ్లు తడపండి. అన్నిటికంటే మంచిది, ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరడం. తొమ్మిదిన్నర లోపు ఖమ్మం చేరిపోతారు.

వానకు విడిగా పైన వేసుకునే రెయిన్‌కోటే తీసుకోండి. పొర లోపల ఉంటే ఒళ్లు తడవదు కానీ జాకెట్ గుడ్డంతా నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, పైగా వాన మొదలవగానే రోడ్డు పక్కన జాకెట్ విప్పి పొర తగిలించుకోవాలి. పైన వేసేదాన్ని ఆగిన నిమిషంలో వేసుకోవచ్చు. పసుపో, నారింజో రంగుది, వీపు మీద వెలుగు తగిలితే మెరిసే పట్టీ ఉన్నది, మీ జాకెట్ మీదుగా పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. హెల్మెట్‌కు నల్లటి అద్దం వద్దు, పారదర్శకమైనదే ఉంచుకుని పగలు చలువ కళ్లద్దాలు పెట్టుకోండి, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడుతుంది కదా.

జాకెట్ కొనే రోజు వీలైతే మీ బండి మీదే దుకాణానికి వెళ్లండి. జాకెట్ వేసుకుని, జిప్పు పూర్తిగా పెట్టి, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూడండి. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న చేతులు కూర్చున్నాక మణికట్టు పైకి జరిగిపోతే, గ్లౌజుకూ జాకెట్‌కూ మధ్య చర్మం కనిపిస్తే, ఆ సైజు వదిలేసి పై సైజు అడగండి. పై సైజులో మోచేతి మెత్త వదులైతే ముంజేతి దగ్గర బిగించే బటన్లో వెల్‌క్రోనో ఉంటుంది, దానితో సరిచేసుకోవచ్చు.